వేడెక్కని బటన్

నాంపల్లిలో కార్లకు వైరింగ్ చేసే వామన్‌రావు తాతకు మిగిలినవి ఆరు పళ్లే అయినా బడాయికి తక్కువ లేదు. వైరు తొక్క వాటితోనే ఒలుస్తాడు. చూపు తగ్గిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వేలు ఆనించినప్పుడు వేడి తగిలితే బల్బు వెలిగినట్టే ఆయనకు. ఆ రోజు ఫణికుమార్ కారుకు లైటున్న పుష్ బటన్ బిగించి వేలు ఆనించాడు. చల్లగా ఉంది. ఎల్‌ఈడీ వేడెక్కదని తాతకు తెలియదు. రెండుసార్లు ఊడదీసి కలిపాడు.

"గీ బటనే ఖరాబున్నది సార్."

"నీలంగా వెలుగుతూనే ఉంది కదా తాతగారూ. కనబడట్లేదా?"

"జర మజాక్ చేసిన," అని తాత నవ్వాడు.

ఫణికుమార్ నవ్వలేదు. "పోయిన నెల బ్రేకు లైట్ల వైర్లు కలిపింది కూడా మీరేనా?"

"ఔ."

ఫణికుమార్ తాళం తీసుకుని, పక్కనున్న మరో వైరింగ్ దుకాణంలోకి నడిచాడు.