గుసగుసగా నేర్చిన ఫ్రాన్సు ఊళ్లు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి నాలుగు తెల్ల వెంట్రుకలైనా ఉండాలి. నాకింకా ముప్ఫై నిండలేదు. అయినా ఆ రోజుల్లో అనే అంటాను, ఎందుకంటే కరోనా తగ్గిన కొత్తలో గోదావరిఖనిలో డిగ్రీ చేతపట్టుకుని ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు ఒక్కో నెలా ఒక్కో ఏడులా గడిచేది. ఆ లెక్కన నాది చాలా పాత కథ. అప్పట్లో మా క్వార్టర్ల లైనులో చదువుకున్న పిల్లలందరికీ ఒకటే ఆశ, ఇంటి నుంచి చేసే ఉద్యోగం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, హెడ్‌సెట్టు తగిలించుకుని ఫ్యాను కింద కూర్చుంటే చాలట. బాయిలోకి దిగే పని లేదు (మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు), గోళ్లలో మసి ఉండదు, కంపెనీ సైరన్ కోసం చెవులు రిక్కించే బాధ లేదు. అలాంటి ఉద్యోగం ఒకటి నాకు చేతి దాకా వచ్చింది. నోటి దగ్గరే ఆగిపోయింది.

హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసు. విదేశాల వాళ్లు ఫ్రాన్సు చూడటానికి వెళ్తూ ఫోను చేస్తే వాళ్లకు ఏ ఊళ్లో ఏ హోటలు కావాలో అడిగి గది ఇప్పించడం పని. ఇంటి నుంచే నెల రోజుల శిక్షణ, చివర ఒక పరీక్ష. పరీక్ష అంటే రాసేదేమీ లేదు. నలభై ఊళ్ల పేర్లు ఫ్రెంచి వాళ్లు ఎలా పలుకుతారో అలాగే పలకాలి, ముప్ఫై అయిదు సరిగ్గా వస్తే ఉద్యోగం. వినగానే నవ్వొచ్చింది. మందమర్రి, మంచిర్యాల, రామగిరి అని తడుముకోకుండా చెప్పేదాన్ని, నలభై ఊళ్లు ఒక లెక్కా అనుకున్నాను. తీరా జాబితా చూశాక మూడు రోజులు అన్నం సయించలేదు. ఆ దేశంలో రాసేది ఒకటి, పలికేది ఒకటి. బోర్డో అనే ఊరు పేరు చివర నాలుగు అక్షరాలు చేరి అంతా కలిసి ఒక్క 'ఓ' అంటాయి, నలుగురు హాజరు వేయించుకుని ఒక్కడి పని చేసినట్టు. ఇంకో ఊరు పేరు 'మెట్జ్' అని రాసి ఉంటే 'మెస్' అని ఊరుకోవాలి. మరొకటైతే ఒట్టి 'కాఁ', కాకి అరవబోయి మనసు మార్చుకున్నట్టు. మాకు నేర్పే మేడమ్ హెడ్‌సెట్టులో పొద్దస్తమానం "ముక్కుతో అమ్మా, ముక్కుతో" అనేది. మేము ఆవిడకు ముక్కు మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. ఆవిడ ముక్కు నేను ఎప్పుడూ చూడలేదు, కెమెరా ఆపేసి ఉండేది.

ఇదంతా ఎవరికైనా కష్టమే. నా కష్టం వేరు. మా బాపు హాలర్ ఆపరేటరు. హాలర్ అంటే బాయిలో ఏటవాలు దారిలో ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లాగే యంత్రం. గంట మోగితే నడపాలి, గంట మోగితే ఆపాలి. అక్కడ కూర్చున్న మనిషి రెండు నిమిషాలు కునుకు తీస్తే తాడు చివర పని చేసేవాళ్ల గతి దేవుడికే తెలియాలి. అందుకని బాపు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడంటే మా రెండు గదుల ఇంట్లో పగలు నాలుగింటి దాకా ఎవరి నోటా మాట పైకి రాకూడదు. అమ్మ కుక్కరు అటక మీద పెట్టేసి గిన్నెలో అన్నం వండేది. తలుపు గడియకు గుడ్డ చుట్టేది. లైనులో ఏ ఇంట్లో రాత్రి షిఫ్టు మనిషి ఉన్నా చుట్టుపక్కల వాళ్లు టీవీ తగ్గించేస్తారు, ఎవరూ చెప్పనక్కరలేదు. నా శిక్షణ మొదలైన నెలలోనే బాపుతో షిఫ్టులు మార్చుకునే జోడీదారుకు కాలు విరిగింది. ఇంకేం, నెలంతా బాపుకు రాత్రి షిఫ్టే పడింది.

"అమ్మా, గివి పలకాలె. సదివితె రావు," అన్నాను మొదటి రోజే.

"పలుకు, ఎవలొద్దన్నరు?" అంది అమ్మ గుసగుసగా. "నోరు తెర్వకుంట పలుకు."

(ఫ్రెంచి వాళ్లు చేసేది దాదాపు అదే కాబట్టి అమ్మ సలహా కొంతవరకు పనికొచ్చింది.) అలా నలభై ఊళ్లూ గుసగుసగానే నేర్చుకున్నాను. బియ్యం ఏరుతూ రువాఁ, బట్టలు మడత పెడుతూ వెర్సాయ్, బాపు మంచం పక్కగా పిల్లిలా నడుస్తూ మొఁపెలియే. మూడో వారానికి నాకు ఒక్క తప్పు రాలేదు. ఆ గర్వంతో ముక్కు మేడమ్‌కు జాబితా మొత్తం అప్పజెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "పేర్లు బాగున్నాయి. గొంతే లేదు," అంది. "నువ్వు హోటలు ఇప్పిస్తున్నావా, ఎవరింట్లోనో దొంగతనానికి దారి చెబుతున్నావా? కడుపులోంచి రావాలి మాట. ఇలాగైతే పరీక్షలో నిన్ను తీసేస్తారు."

ఇక అక్కడి నుంచి నా బతుకు బతుకు కాదు. దుప్పటి కప్పుకుని అందులో గట్టిగా పలికి చూశాను. ఎండాకాలం, రెండో ఊరికే చెమట కళ్లలోకి కారింది. స్నానాల గదిలో నిలబడితే రేకు తలుపు నాకంటే గట్టిగా పలికింది. పరీక్ష మూడు రోజులుందనగా ఒక పొద్దున పదింటికి, బాపు నిద్రపోయాడని చూసుకుని, లైను వెనక నీళ్ల నల్లా దాటి తుమ్మచెట్ల జాగాలోకి వెళ్లాను. ముందు మెల్లగా లీల్ అన్నాను. ఫరవాలేదు. కడుపులోకి గాలి తీసుకుని మార్సేయ్ అన్నాను. నెల రోజులుగా లోపల కుక్కిన గొంతు బయటికి వస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వెర్సాయ్ అని అరిచాను. ఆ ఊపులో, రెండు చేతులూ చాచి, ఆ చివరి ముక్కు స్వరాన్ని సాగదీసి సాగదీసి, రువాఁ అని ఒక్క కేక పెట్టాను.

బొగ్గుబాయిల ఊళ్లో, మొదటి షిఫ్టు వాళ్లు లోపల ఉన్న వేళ, ఆడదాని కేక బయట వినిపిస్తే దానికి ఒకటే అర్థం. ఎందుకు అరిచిందని ఎవరూ అడగరు, ఏ బాయి అనే అడుగుతారు. మా లైనులో పుట్టిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు, నాకూ తెలుసు. ఫ్రాన్సు ధ్యాసలో మరిచిపోయాను, అంతే. నేను వెనక్కి తిరిగేసరికి లైనులో తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. పక్కింటి ఖాలా చేతులకు గోధుమపిండితో వచ్చేసింది. మూడో ఇంటి అక్క చెప్పులైనా లేకుండా మెయిన్ రోడ్డు వైపు పరుగు తీస్తోంది, వాళ్లాయన మొదటి షిఫ్టులో ఉన్నాడు. బాపు లుంగీ మీద, ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కుంటుతూ వస్తున్నాడు.

"ఏ బాయి బిడ్డా?" అన్నాడు. "ఏ బాయిల?"

"ఏ బాయి కాదు బాపు," అన్నాను. "ఊర్ల పేర్లు. ఫ్రాన్సుల ఊర్లు."

ఎవరికీ అర్థం కాలేదు. ఖాలా నా భుజం పట్టుకుంది. "ఫ్రాన్సుల సుత బాయిలున్నయా బేటా? అక్కడ ఎవలున్నరు మనోళ్లు?"

రోడ్డు మీంచి అక్కను ఎవరో వెనక్కి తీసుకొచ్చారు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, ఊపిరి ఎగపోసుకుంటూ, "నువ్వు ఎవల పేరన్న పిలువు చెల్లె. మా ఆయన పేరైతె పిలువలె గద?" అంది. పిలవలేదక్కా అన్నాను. ఆవిడ అక్కడే నల్లా గట్టు మీద కూలబడి నీళ్లు తాగింది. ఒక్కళ్లయినా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎవరూ ఏమీ అనకుండా ఎవరి ఇళ్లలోకి వాళ్లు వెళ్లి తలుపులు చప్పుడు కాకుండా వేసుకున్నారు, బాపు మళ్లీ పడుకోవాలి కదా అని.

బాపు పడుకున్నాడు గాని నిద్ర పట్టలేదు. నాలుగింటి దాకా ఫ్యాను వైపు చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం బూట్లు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "ఇయ్యాల నాగా చేస్త. నిద్రలేని కండ్లతోని హాలర్ మీద కూసునుడు మంచిది కాదు," అన్నాడు. పెళ్లిళ్లకు, జ్వరాలకు కూడా నాగా పెట్టని మనిషి. అమ్మ నా వైపు చూడకుండానే, "నీ ఊర్లు ఎక్కడియో గని, బాపు డ్యూటీని తిన్నయి," అంది. నేను వంటింట్లో గోడకు ఆనుకుని ఏడ్చాను. (ఏడుపు కూడా గుసగుసగానే వచ్చింది. అప్పటికి అలవాటైపోయింది.) ఉద్యోగమూ వద్దు, ఊళ్లూ వద్దు, మేడమ్‌కు ఫోను చేసి మానేస్తానని చెబుతా అన్నాను.

బాపు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "పరీక్ష ఎప్పుడు?"

"అవుతల ఎల్లుండి. పొద్దుగాల పదకొండు గంటలకు."

"ఎంతసేపు?"

"అర్ధగంట."

బాపు చొక్కా వేసుకుని నల్లా దగ్గరికి వెళ్లాడు. అక్కడ నీళ్లు పట్టుకుంటున్న వాళ్లందరితో, తన రాత్రి షిఫ్టు గురించి చెప్పినట్టే చెప్పాడు. "మా బిడ్డకు పరీక్ష ఉన్నది. ఫోన్ల మాట్లాడుడు. అర్ధగంట జర సప్పుడు గాకుంట సూడుండ్రి." అంతే మాట. ఆ రోజు పొద్దున నేను హడలగొట్టిన మనుషులే అందరూ తలలూపారు.

పరీక్ష రోజు పదిన్నరకే లైను సద్దుమణిగింది. ఖాలా వాళ్లాయన ఇంటి ముందు బండ్లు బాగు చేస్తాడు, సుత్తి పక్కన పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. ఖాలా మేకను లోపల కట్టేసి దాని ముందు ఆకు వేసింది. మూడో ఇంటి అక్క కుక్కరు దించేసింది. నాకు తెలిసి ఆ లైనులో ఒక ఆడపిల్ల కోసం ఇన్ని ఇళ్లు నోరు మూసుకోవడం అదే మొదలు. బాపు ఆ పొద్దునే రాత్రి షిఫ్టు నుంచి వచ్చాడు. అన్నం తిని, మంచం ఎక్కకుండా కుర్చీ తీసుకెళ్లి గుమ్మం బయట వేసుకున్నాడు. "నేను పండుకోను. ఎవలన్న వస్తె ఆపుత. నువ్వు గట్టిగ చెప్పు, ఫికర్ చెయ్యకు. పరీక్ష అయినంక నిద్రపోత," అన్నాడు. అమ్మ నా పక్కన చాప మీద కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పదకొండింటికి హెడ్‌సెట్టులో మేడమ్ గొంతు వినిపించింది. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు ఉన్నారట. మొదటి ఊరు చెప్పమన్నారు. కడుపులోకి గాలి తీసుకుని, ఎందుకో కిటికీ వైపు చూశాను. బాపు కుర్చీలో నిద్రపోతున్నాడు. తల ఒక పక్కకు వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. కుక్కలను అదిలించడానికి పెట్టుకున్న కర్ర ఒళ్లో అడ్డంగా పడి ఉంది. ఆ నిద్ర ఎలాంటిదో నాకు తెలుసు, చిన్న చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తాడు, లేస్తే ఇక పట్టదు. ఆ రాత్రి మళ్లీ హాలర్ మీదికి వెళ్లాలి. ఇంకో నాగా పెట్టడానికి ఆయన ఒప్పుకోడు, ఆ నిద్రలేని కళ్లతోనే వెళ్తాడు. అమ్మ కూడా కిటికీలోంచి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది గాని గట్టిగా చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"బోర్డో," అన్నాను గుసగుసగా.

"గట్టిగా అమ్మా," అంది మేడమ్. రువాఁ అన్నాను. "వినపడట్లేదు." కాఁ అన్నాను. "నీకు ఇంతకు ముందే చెప్పాను కదా, గొంతు, గొంతు." ఆవిడ గొంతులో కోపం పోయి బాధ మొదలైంది, నన్ను ఎలాగైనా గట్టెక్కించాలని ఆవిడకూ ఉన్నట్టుంది. నేను కన్నీళ్లు కారుస్తూనే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, మింగాల్సినవి మింగి, ముక్కులోంచి తీయాల్సినవి తీసి, నలభై ఊళ్లూ గుసగుసగా అప్పజెప్పాను. చివర ఎవరో మగ మనిషి, "ఉచ్చారణ నూటికి నూరు. కానీ ఫోనులో ఈ అమ్మాయి ఎవరికీ వినపడదు," అన్నాడు. లైను కట్ అయింది.

ఆ తర్వాత రెండు గంటల పాటు అమ్మా నేనూ కదలలేదు. కదిలితే బాపు లేస్తాడని లైనులో కూడా ఎవరూ కదలలేదు. అర్ధగంట అడిగిన మనిషికి వాళ్లు పూట ఇచ్చారు. ఒంటిగంట దాటాక ఖాలా వాళ్ల మేక ఇక నా వల్ల కాదన్నట్టు అరిచింది. బాపు ఉలిక్కిపడి లేచి, కర్ర సర్దుకుని, ఒక్క క్షణం కూడా నిద్రపోనివాడిలా కూర్చున్నాడు. నన్ను గుమ్మంలో చూసి, "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది బాపు."

"అన్ని చెప్పినవా?"

"నలభై చెప్పిన. ఒక్కటి తప్పు పోలె."

బాపు ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి లైను అటూ ఇటూ చూశాడు, అందరికీ వినపడేలా అన్నాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఈడనే కూసున్న గద, నాకు ఒక్కటి సుత ఇనపడలె."

నలభై ఏళ్లకు దగ్గరగా రాత్రి షిఫ్టులు చేసిన మనిషికి, ఇంట్లో పిల్ల మాట్లాడినట్టు తెలియకపోవడం కంటే పెద్ద మెప్పు లేదు. ఆ సంగతి అర్థమయ్యాక నాకు ఉద్యోగం రాలేదని ఆ రోజు చెప్పలేకపోయాను. ఆయన హాయిగా మంచమెక్కి నాలుగింటి దాకా పడుకున్నాడు, రాత్రి డ్యూటీకి వెళ్లాడు, పొద్దున నవ్వుతూ తిరిగొచ్చాడు. ఆ తర్వాతే చెప్పాను. ఇప్పుడు నేను మంచిర్యాలలో ఒక బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. పటంలో ఫ్రాన్సు వచ్చిన రోజున పిల్లలు ఆ ఊళ్ల పేర్లు తోచినట్టు చదువుతుంటే గట్టిగా సరిదిద్దాలని నోరు తెరుస్తాను. తీరా వచ్చేది ఆ పాత గుసగుసే. వెనక బెంచీ వాళ్లు కూడా చెవులు రిక్కించి, మాటలు మానేసి ముందుకు వంగుతారు. వాళ్ల వైపు చూస్తూ, కిటికీ లోపల కన్నీళ్లు కారుస్తూ ఊళ్లన్నీ అప్పజెప్పిన ఆ పిచ్చిపిల్లను తలుచుకుని నవ్వుకుంటాను.