తెర చాటున ఛార్జింగ్

ఎల్బీనగర్‌లో మేముండే ఫ్లాటు కట్టినవాళ్లు కిటికీలు ధారాళంగానే పెట్టారు కానీ, ప్లగ్ పాయింట్ల దగ్గర బాగా చేయి బిగబట్టారు. అందుకని ఎవరి ఫోను ఎక్కడ ఛార్జింగ్ పెట్టాలన్నది మా ఇంట్లో ఎవరూ చెప్పకుండానే స్థిరపడిపోయింది. హాల్లో టీవీ పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు మా అమ్మాయిది. ఇంజనీరింగ్ చదువుతోంది. ఫోను, ల్యాప్‌టాప్, చేతి వాచీ, చెవుల్లో పెట్టుకునే బుడిపెలు, ఇవన్నీ చాలవన్నట్టు ఒక పవర్ బ్యాంకు, అన్నీ అక్కడే వేలాడుతుంటాయి. మావారిది బస్ డిపోలో పని. ఆయన ఫోను మంచం తలవైపు పాయింటుకి. అది ఆరిపోయేదాకా ఆయనకి ఛార్జింగ్ సంగతి గుర్తురాదు. నేను కొత్తపేటలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. నా ఫోను స్టాఫ్ రూములో నోటీసు బోర్డు కింద పెడతాను. అక్కడ కూడా ఎవరి తర్వాత ఎవరన్న వరస ఉంది. ఇంకొకరి పిన్ను పీకి తనది పెట్టుకున్న టీచరుతో ఆ రోజంతా ఎవరూ సరిగా మాట్లాడరు.

మా అత్తయ్య ఫోను మాత్రం దేవుడి గదిలో.

వేంకటేశ్వరస్వామి పటం మీద చిన్న బల్బు కోసం పెట్టించిన పాయింటు అది. ఫోను ఇంటికొచ్చిన వారానికే ఆవిడ ఆ బల్బు తీసేసింది. స్వామికి దీపం ఉన్నది గదా, మళ్ళీ బుగ్గ ఎందుకని. బల్బుని బుగ్గ అంటుంది. ఆవిడది బాటసింగారం పక్క పల్లె, మాది తెనాలి వైపు. పెళ్లైన కొత్తలో ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఇద్దరం సైగలతో వంట చేసిన రోజులున్నాయి.

స్నానం చెయ్యకుండా మా దేవుడి గదిలోకి ఎవరూ అడుగు పెట్టరు. కాబట్టి పొద్దున్నే బాటసింగారం నుంచి వాళ్ల అక్క ఫోన్ చేస్తే, అది లోపల మోగుతూనే ఉండేది. ఈవిడ గడప ఇవతల నిలబడి, ఇంకా తానం చెయ్యలేదు, జర ఆగమని దానికే చెప్పేది.

ఛార్జింగ్ అనే మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. "ఫోనుకు అన్నం పెట్టిన," అనేది. అన్నం అన్నాక దాని మర్యాదలు కూడా ఉంటాయి. నూరు శాతం కానిదే పిన్ను తీయనిచ్చేది కాదు. ఎనభై దగ్గర తీసేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందని మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో.

"అన్నం కాడ కూసున్నోళ్లను నడుమల లేపుతరా బిడ్డా? నిన్ను గట్ల లేపిన్నా నేను ఎప్పుడన్న?"

నిజమే, మనవరాలిని ఆవిడ ఎప్పుడూ లేపలేదు. చిన్నప్పుడు అన్నం తింటూ నిద్రపోయినా లేపకుండా ఒళ్లో వేసుకుని ముద్దలు పెట్టిన మనిషి ఆవిడ.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. ఫోను తింటుండగా ఎవరి కళ్లూ పడకూడదని ఆవిడ దాని మీద పాత తువ్వాలు కప్పేది. దేవుడి గదిలో పాత తువ్వాలేమిటని నాకు అనిపించింది. నైవేద్యం పెట్టేటప్పుడు స్వామికి తెర వేస్తాం. తినేవారిని చూడకపోవడం మన ఆచారం. ఈ పెద్దావిడ ఆ మర్యాదని ఒక యంత్రానికి కూడా ఇస్తోందంటే అది భక్తి ముదిరిన మనసు చేసే పనే అనుకుని మురిసిపోయాను. వ్రతంలో తాంబూలంతో వచ్చిన పట్టు అంచు రవికె గుడ్డ ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, నేనే ఇచ్చాను. ఆవిడ రోజూ ఫోను పెట్టి, దాని మీద ఆ గుడ్డ కప్పి, చేతులు జోడించి ఇవతలకి వచ్చేది.

ఆ ఫోను ఆవిడకి మాట్లాడుకోవడానికి కాదు. అది ఆవిడ పుస్తకం.

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ప్రతి ఏకాదశికీ పారాయణం జరుగుతుంది. నలభై, యాభై మందిమి కూడతాం. మా అత్తయ్యకి చదువు రాదు. మూడేళ్లుగా అందరికంటే ముందు వెళ్లి జంపఖానాలు పరిచేది, ఒత్తులు చేసేది, ప్రసాదం గిన్నెలు కడిగేది. పారాయణం మొదలయ్యాక చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, వెనక వరసలో కూర్చునేది. పుస్తకాలు పంచేవాళ్లు ఆవిడని దాటుకుని పక్కావిడకి ఇచ్చేవారు. అందులో చెడ్డతనమేమీ లేదు. చదవలేని మనిషికి పుస్తకమెందుకని అంతే. కానీ ఒక అధ్యాయం మొత్తం కంఠస్థం చేసినవాళ్లని ఏకాదశి నాడు ముందుకు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి ఒప్పజెప్పించుకుని, తులసి మాల వేసే ఆనవాయితీ మాది. ఆ పీట మీద ఒక్కసారి కూర్చోవాలని ఆవిడ కోరిక. ఈ మాట నాకు ఒకే ఒక్కసారి, గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. డెబ్బై దాటిన మనిషి.

పీట మీద ఒక నియమం ఉంది. పక్కన ఒకరు పుస్తకం పట్టుకుని చూస్తుంటారు. ఎవరైనా ఒక్క మాట అందించినా ఆ రోజుకి లెక్కలోకి రాదు. మళ్లీ ఏకాదశికి రావాలి.

పారాయణం చెప్పించే గురువుగారు రిటైరైన సంస్కృతం మాస్టారు. ఆవిడ కోరిక తెలిసి, ఇరవై శ్లోకాల చిన్న అధ్యాయం ఎంచి, ఒక్కొక్క శ్లోకం మెల్లగా చదివి ఆవిడ ఫోనుకి పంపేవారు. మా అమ్మాయి అది నొక్కడం నేర్పింది. మేం ముగ్గురం బయటికి వెళ్లాక ఇల్లంతా ఆయన గొంతు, ఆవిడ గొంతు. బియ్యం ఏరుతూ, బట్టలు మడతపెడుతూ వినేది. వినడమే భక్తికి మొదటి మెట్టని మా పెద్దలు చెబుతారు. చదువుకున్న మేము ఆ మెట్టు దాటేసి పైకెక్కామేమోనని ఆవిడని చూసినప్పుడల్లా నాకు అనిపించేది.

కార్తీక మాసం వచ్చేసరికి పద్నాలుగు శ్లోకాలు వచ్చేశాయి. మిగతా ఆరూ ఫోనులో ఉన్నాయి. కార్తీక శుద్ధ ఏకాదశికి పీట మీద కూర్చోబెడతానని గురువుగారు మాటిచ్చారు.

కార్తీకం కాబట్టి దేవుడి గదిలో రెండు పూటలా దీపాలు ఎక్కువ. ఫోను పక్కనే వరసగా ప్రమిదలు, దాని మీద నాలుగు మడతల గుడ్డ. ఏకాదశి ఇంకా ఆరు రోజులుందనగా, ఆదివారం పొద్దున ఆవిడ ఆ గుడ్డతో సహా ఫోనుని రెండు చేతుల్లో పట్టుకుని వచ్చింది, పసిపిల్లని తెచ్చినట్టు.

"దీనికి కడుపుబ్బరం అయింది. జర సూడు బిడ్డా. వాము నీళ్లన్న తాగియ్యరాదు దీనికి."

వెనక మూత పైకి లేచి ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బి దిండులా అయింది. మా అమ్మాయి చూస్తూనే దాన్ని లాక్కుని బాల్కనీలో పెట్టి, నన్నూ నానమ్మనూ కలిపి చీవాట్లు పెట్టింది. ఆ గుడ్డ ఎవరు కప్పారని అడిగితే ఆవిడ నా వంక చూడలేదు. తానే కప్పానంది.

ఆ సాయంత్రం నేనూ ఆవిడా మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. కోచింగ్ సెంటర్ల సందులో నాకు తెలిసిన మొబైల్ రిపేర్ షాపు ఉంది. నడిపేది నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఫోనుని రెండు వేళ్లతో పట్టుకుని చూసి, దీని మీద ఏమన్నా కప్పి పెట్టిన్రా అని అడిగాడు. ఆవిడ రవికె గుడ్డ సంగతి, అన్నం సంగతి, దిష్టి సంగతి మొత్తం చెప్పింది. అతను నవ్వలేదు. మా అమ్మ కూడా గిట్లనే పెడుతదన్నాడు. తర్వాత అర్థమయ్యేలా చెప్పాడు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఫోను వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోవాలి, గుడ్డ కప్పితే, పక్కన దీపాలుంటే ఎక్కడికీ పోదు. పైగా నూరు దాకా నింపి రాత్రంతా అలాగే వదిలేశాం.

"అమ్మా, దీనికి కడుపు నిండుడు గాదు, గాలి తగులుడు కావాలె," అన్నాడు.

పాత మోడల్ కాబట్టి బ్యాటరీ తెప్పించాలి. వారం పడుతుంది. ఆలోపు దాన్ని ఆన్ చెయ్యడానికి కూడా వీల్లేదన్నాడు.

తిరుగు మెట్రో ఎల్బీనగర్ దగ్గరికొచ్చింది. దిగే ముందు ఆవిడ, పెట్టి పెట్టి సంపిన దాన్ని, అంది. ఆ గుడ్డ నేనిచ్చిందే కదా అత్తయ్యా అన్నాను. ఇచ్చిన నీదా తప్పు, కప్పిన నాదా, అని కొంగు సర్దుకుంది.

ఇంటికొచ్చాక ఉపాయాలు ఆలోచించాం. గురువుగారిని అడిగితే ఆ ఆరు శ్లోకాలూ నా ఫోనుకి పంపిస్తారు. కానీ నా ఫోను నాతో స్కూలుకి వస్తుంది. అమ్మాయిది కాలేజీకి, మావారిది డిపోకి. పొద్దున నేను బయల్దేరేలోపు వినాలంతే. ఆ మాటే చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"నువ్వు ఇంట్ల ఉన్నప్పుడు మల్ల ఫోనెందుకు? నువ్వే సదవరాదు?"

మూడేళ్ల క్రితం కూడా ఆవిడ ఇదే అడిగింది. నాలుగు శ్లోకాలు నాకు చెప్పరాదని. అప్పుడు నాకు స్కూలు, పేపర్లు దిద్దడం, వంట. సరే అత్తయ్యా అని చెప్పి, నెల తిరక్కుండా ఫోను కొనిచ్చాను. కొనిచ్చినందుకు అందరూ మెచ్చుకున్నారు, నన్ను నేనూ మెచ్చుకున్నాను. చిన్నప్పటి నుంచీ శ్లోకాల మధ్య పెరిగినదాన్ని, పక్క గదిలో అడుగుతున్న మనిషికి నా నోటితో ఒక్కటీ చెప్పలేదు. స్వామి ముందు ఈ సంగతి ఒప్పుకోవాల్సి వచ్చి, ఆ రాత్రి పడుకునే ముందు నమస్కారానికి నాకు చాలా సేపు పట్టింది.

మర్నాటి నుంచి తెల్లవారుజామున స్నానాలు ముగించి, దీపాలు పెట్టి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ఒక పాదం చదివేదాన్ని. ఆవిడ అనేది. సరిగ్గా వస్తే "ఊఁ" అనేదాన్ని. తప్పు పోతే ఏమీ అనకుండా ఊరుకునేదాన్ని. అప్పుడు ఆవిడే మళ్లీ మొదటి నుంచి అందుకునేది. ఇలా చెప్పాలని మేమేమీ అనుకోలేదు, మొదటి రోజే అలా కుదిరిపోయింది. దశమి పొద్దుటికి ఆరూ వచ్చేశాయి. ఆ ఐదు రోజుల్లో ఆవిడ కబుర్లు కూడా చాలా విన్నాను. వాళ్లమ్మ చిన్నప్పుడు చెవిలో చెప్పిన ఒక పాట సగం దాకా పాడింది. ఆ సగమే గుర్తుందట.

ఏకాదశి సాయంత్రం హాలు నిండింది. ఆవిడ కొత్త నేత చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. మోకాళ్లు వంగక కాళ్లు కొంచెం పక్కకి చాపుకుంది. పుస్తకం పట్టుకునేది మా వైపు ఊరావిడే, గుంటూరు. నియమాల దగ్గర గట్టిమనిషి. నేను ఆడవాళ్ల వరసలో ముందున్నాను.

పద్నాలుగు శ్లోకాలు గురువుగారి రాగంలో, ఎక్కడా తడబడకుండా వచ్చాయి. పదిహేనో శ్లోకం మొదటి పాదం అంది, ఆగింది. మళ్లీ అదే పాదం అంది, ఆగింది. హాల్లో కదలిక మొదలైంది. మూడోసారి అంది. ఈసారి గొంతు సన్నబడింది.

రెండో పాదం మర్చిపోయిందని అందరూ అనుకున్నారు. ఏం జరిగిందో నాకొక్కదానికే తెలుసు. ఆవిడ నా ఊఁ కోసం ఆగింది. నేను ఏమీ అనకపోతే తప్పు పోయిందని కదా మా మధ్య లెక్క. నోరు తెరిస్తే అందించినట్టవుతుంది, తెరవకపోతే ఆవిడ అక్కడే ఉండిపోతుంది.

ఆవిడ తల తిప్పి సూటిగా నన్నే చూసింది.

"ఏం తప్పు పోయింది బిడ్డా? ఊఁ అంటలేవు."

"ఊఁ," అన్నాను.

వెంటనే రెండో పాదం వచ్చేసింది. పుస్తకం పట్టుకున్నావిడ చేయి ఎత్తింది. "అందించకూడదండీ. కోడలైనా సరే, నియమం నియమమే," అంది.

గురువుగారు కళ్లజోడు సర్దుకుని గుంటూరావిడ వైపు వంగారు.

"ఆ ఊఁ అన్నది ఏ శ్లోకంలో ఉందో ఒకసారి చూపించమ్మా పుస్తకంలో."

ఆవిడ నిజంగానే పేజీలోకి చూసింది. చూసి, తనకే నవ్వొచ్చి, చేయి దించేసింది. గురువుగారు కానివ్వమన్నట్టు మా అత్తయ్యకి తలూపారు.

పదహారో శ్లోకం మొదలైంది. ఒక పాదం ఆవిడ, ఒక ఊఁ నేను. పదిహేడుకి వచ్చేసరికి ఆవిడ గొంతు మళ్లీ నిలదొక్కుకుంది. పద్దెనిమిది దగ్గర నా పక్కన కూర్చున్నావిడ నాతో పాటు మెల్లగా ఊఁ అంది. పంతొమ్మిదికి వెనక వరసల నుంచి కూడా వినిపించింది. ఇరవయ్యో శ్లోకం చివరి పాదానికి నేను అనేలోపే ఊఁ వినిపించింది. ఆ ఊఁ హాలంతా అంది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, గుంటూరావిడ కూడా అంది.