కోడి ఎరువు, చేపల చెరువు

ఆనందపురం అవతల అప్పలనాయుడి కోళ్ల ఫారానికి అంతకుముందు చాలాసార్లు వెళ్లాను, మా ప్రయోగశాలకు ఎరువు నమూనాలు తేవడానికి. ఈసారి ఫలితం చెప్పడానికి వెళ్లాను. ఫోన్లో చెప్పేయొచ్చు. కానీ ఆ ఎరువు గొడవతో ఒక కుటుంబంలో మాటలు ఆగిపోయి ఉన్నాయి. అందుకే పొద్దున్నే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సెక్కాను.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మధురవాడ దాటేసరికి ముఖమంతా ఎర్రదుమ్ము. పూర్ణా మార్కెట్లో సరుకు కొనుక్కుని ఊరికి వెళ్తున్న పక్క సీటామె నా సంచి చూసి, "ఏటమ్మా, సీరలా?" అంది. రబ్బరు బూట్లన్నాను. కాసేపు నన్ను చూసి కిటికీ వైపు తిరిగింది.

ఆనందపురంలో ఇడ్లీ తిని, ఆటోలో ఫారం చేరాను.

నాయుడి షెడ్ల వెనక నేల పల్లంగా దిగుతుంది. కింద చేపల చెరువు. అది నాయుడి భార్య రాములమ్మ వాళ్లన్నయ్య సన్యాసిది. వానకి ఎరువు కుప్ప కారి చెరువులో కలుస్తోందని, బంగారుతీగ చేపలు గుడ్లు పెట్టడం లేదని సన్యాసి గొడవపడ్డాడు. కోళ్లకు హార్మోను మందులు వేస్తున్నావని, అవే చేపల్ని పాడుచేస్తున్నాయని కూడా అన్నాడట. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పట్టుదలకొద్దీ నాయుడే మా ప్రయోగశాలకు వచ్చి పరీక్ష చేయమన్నాడు.

"పచ్చి ఎరువులో హార్మోను ఉంది" అన్నాను.

నాయుడి ముఖం మాడిపోయింది. "అంటే నాను మందులేత్తన్నానని రాసీసినారా?"

"లేదండీ. గుడ్లు పెట్టే ప్రతి కోడి ఒంట్లోనూ అది పుడుతుంది. రెట్టతో బయటికొస్తుంది."

ఫారంలోనే వరిగడ్డి కలిపి, తడి చూసుకుంటూ, తిరగేస్తూ మగ్గబెట్టిన కుప్పలో అది చాలావరకు విరిగిపోయిందని చెప్పాను. సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కొంచెం మిగిలింది. అదీ చెప్పాను.

"మరి మాయన్న సేపలో?" అంది రాములమ్మ.

"దీనివల్లేనని చెప్పలేనమ్మా. పచ్చి ఎరువు నీళ్లు చెరువులోకి పోకూడదని మాత్రం చెప్పగలను."

నాయుడు లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "రండి మేడమ్" అంటూ పల్లంలోకి నడిచాడు. వెనకే వెళ్లాను. ఏమంటాడో తెలియక నాకు భయంగానే ఉంది.

సన్యాసి చెరువు గట్టున వల బాగుచేసుకుంటున్నాడు.

"బావా, మందులేవీ నేవంట. అది కోడి ఒంట్లోదే" అన్నాడు నాయుడు. పైన కుప్ప వైపు చెయ్యి చూపి, "నా కుప్ప నీళ్లు నీ సెరువులోకొత్తన్నాయి. అది నిజిం" అన్నాడు.

సన్యాసి తల ఎత్తలేదు. "మందులని నానే తొందరపడి అనీసినాను బావా."

"పచ్చి ఎరువు రోడ్డేపు మార్సీత్తాను. ఇటేపు గట్టు కట్టాల. వత్తావా?"

"అడుగుతావేటి? పార తే."

గట్టు కన్నా ముందు కుప్ప సంగతి చూద్దామని, మధ్యాహ్నం దాకా ముగ్గురం మగ్గుతున్న కుప్పను తిరగేశాం. పార దిగినచోటల్లా ఆవిరి లేచి కళ్లు మండాయి. రాములమ్మ అన్నకీ భర్తకీ పక్కపక్కనే ఆకులు వేసింది. ఎండుచేపల పులుసు ఎవరికి ఎక్కువ వడ్డించిందోనని ఇద్దరూ ఒకరి ఆకులోకి ఒకరు చూసుకున్నారు.

సాయంత్రం ఇద్దరూ నన్ను రోడ్డుదాకా దిగబెట్టారు. గట్టు ఎంత ఎత్తు కట్టాలన్న వాదనలో పడి బస్సు రావడం కూడా చూడలేదు. నేనే చెయ్యెత్తి ఆపుకున్నాను.

చేపల సంగతి వానాకాలం దాటితే గానీ తేలదు. నా రిపోర్టులోనూ 'కొంత మిగిలి ఉంది' అన్న మాట అలాగే ఉంటుంది. అయినా ఆ రోజు వెళ్లినందుకు సంతోషంగానే ఉంది. నా ఒంటి వాసనకి పక్కన ఎవరూ కూర్చోలేదు. కిటికీ పూర్తిగా తెరిచి, కాళ్లు చాపుకుని, బస్సు దిగేదాకా హాయిగా నిద్రపోయాను.