బోణీ వేళ కీమా బేరం

జూన్ మొదటి సోమవారం నాడు అశోక్‌నగర్‌లో ఒక నాలుగు చక్రాల బండి దగ్గర కొనుగోలు అధికారిగా చేరాను. అంతకుముందు ముప్పై రెండేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రి స్టోర్సులో పనిచేసి, కొనుగోళ్ల సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. దూది మొదలుకొని డీజిల్ దాకా ప్రతి వస్తువుకూ మూడు కొటేషన్లు తెప్పించడం, ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టడం, ఒకరి ధరను మరొకరికి కాస్త తగ్గించి చెప్పడం నా పని. దాన్ని అబద్ధం అనకూడదు, మా శాఖలో సంప్రదింపులు అంటారు. ఇంకా వెనక్కి వెళితే, నేను చిక్కడపల్లిలో మా నాయన కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి. మా ఇంటికి ఒకపక్క గిన్నెల దుకాణం, ఇంకోపక్క బట్టల దుకాణం, ఎదురుగా పిండి గిర్నీ. నేను "అమ్మ" కంటే ముందు "ఎంత" అన్నానని మా నాయన చెప్పేవాడు. ఆయనా ఏదైనా పెంచి చెప్పే మనిషే కాబట్టి అందులో సగం నమ్మవచ్చు.

బండి యజమాని లోర్నా, మా తమ్ముడి కోడలు. ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. మా తమ్ముడి కొడుకు శ్రీకాంత్ దుబాయిలో ఏసీ మెకానిక్‌గా ఉన్న రోజుల్లో ఆమె అక్కడే ఒక హోటలు వంటింట్లో పనిచేసేది. పెళ్లయి, పాప పుట్టాక ఇద్దరూ ఇక్కడికి వచ్చేసి అడిక్‌మెట్‌లో కిరాయికి ఉంటున్నారు. ఆమె తెలుగంతా అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆ అత్తగారిది కల్వకుర్తి వైపు పల్లె. అందుచేత మనిషిని చూస్తే మనీలా, మాట వింటే పాలమూరు.

బండి మీద రెండే సరుకులు. ఒకటి పాన్సిట్. సన్నని బియ్యపు నూడుల్స్‌ను క్యాబేజీ, క్యారెట్, చికెన్ ముక్కలతో వేయించి పైన నిమ్మకాయ పిండుతారు. రెండోది సియోమాయ్. పల్చటి మైదా పట్టీలో కీమా పెట్టి, నెత్తిన మూయకుండా ఆవిరి మీద ఉడికించే కుడుము. వీధిలో అందరూ దాన్ని మూత లేని మోమో అనేవారు. ఆ మాట వింటే లోర్నాకు ఒళ్లు మండేది. గిరాకీకి అర్థమయ్యే పేరు కదా అని నేను చేరిన రోజే ఒక అట్టముక్క మీద అదే రాసి బండికి తగిలించాను. ఆమె దాన్ని తీసి చెత్తబుట్టలో వేసింది. మా ఇద్దరి మధ్య నడిచిన తొలి అధికారిక ఉత్తరప్రత్యుత్తరం అది.

ఇక్కడ బండి పరిస్థితి చెప్పాలి. దుబాయి హోటలు వాళ్లు లోర్నాను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. ఆ నెల ఆఖరి శుక్రవారం లోపల జవాబు ఇవ్వాలి. వెళితే ఒక్కతే వెళ్లాలి, నాలుగేళ్ల పాపను ఇక్కడే వదలాలి. భార్యాభర్తలు కూర్చుని ఒక కొలత పెట్టుకున్నారు. ఆ గడువులోగా ఒక్క రోజైనా సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదిన్నర లోపల నాలుగు వాయిల సియోమాయ్ చెల్లిపోతే బండి నిలబడినట్టు. లేకపోతే ఆమె విమానం ఎక్కాలి. వాయి అంటే ఇడ్లీలకు చెప్పినట్టే, పాత్రను ఒకసారి నింపి దించడం. నేను చేరేనాటికి మూడు వాయిలు పోయి నాలుగోది సగంలో ఆగుతోంది. ఆ సగం వాయిని గట్టెక్కించడానికే నన్ను పిలిచారనుకున్నాను. శ్రీకాంత్ పిలిచింది ఉల్లిగడ్డలు తరగడానికని తర్వాత తెలిసింది. కొనుగోలు అధికారి అన్న హోదా నాకు నేనే ఇచ్చుకున్నాను.

రెండో రోజు ఉదయం పది గంటలకు లోర్నా వెంట నారాయణగూడలోని ఖాజా భాయ్ చికెన్ దుకాణానికి వెళ్లాను. ఆమె సలాం చెప్పింది. మోకాలి నొప్పి ఎట్లుందని అడిగింది. ఆయన పొట్లం కట్టి ముందు పెట్టాడు. అడిగినంత ఇచ్చి వచ్చేసింది. ధర అడగలేదు. నా కళ్ల ముందు, మా వంశంలోకి వచ్చిన కోడలు, ధర అడగకుండా మాంసం కొన్నది.

దారిలో మందలించాను. ఆమె శాంతంగా చెప్పింది. "మా దిక్కు దీన్ని సుకి అంటరు, పెద్దమామ. ఎప్పటికీ ఒక్క దుకాణంలనే కొంటం. రేటు అడగం. ఆయన చెడ్డది ఇయ్యడు."

మన దగ్గరా అది ఉందని, వాడుక అంటారని, వాడుక దుకాణంలోనైనా ధర అడుగుతారని చెప్పాను.

"అడిగినంక ఇంక వాడుకెట్లయితది?" అంది.

చిన్నపిల్ల ప్రశ్న అనుకుని వదిలేశాను. మర్నాటి నుంచి కీమా బాధ్యత నాదని ప్రకటించాను. లెక్క సులువు. కీమా చవగ్గా వస్తే ప్లేటుకు నాలుగు బదులు ఐదు పెట్టవచ్చు. ఐదు పెడితే నాలుగో వాయి దానంతటదే పోతుంది. మామకు ఎదురు చెప్పకూడదని అత్తగారు నేర్పిన పాఠాన్ని లోర్నా అనవసరంగా బాగా నేర్చుకుంది. "మంచిది, పెద్దమామ" అని క్యాబేజీ కడగడానికి పోయింది.

చదివేవారికి మా విద్య కాస్త వివరించాలి. చికెన్ ధర రోజూ బోర్డు మీద రాస్తారు, దానితో బేరం కుదరదు. కీమా ధర మాత్రం కొట్టేవాడి ఇష్టం, అక్కడే బేరానికి చోటు. సమయం ముఖ్యం. రోజులో మొదటి అమ్మకాన్ని బోణీ అంటారు. మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా దుకాణం సాగదని అందరి నమ్మకం. దానికి మతంతో పని లేదు. దుకాణదారుడు ఆ ఒక్క పావుగంట బలహీనుడు. ఈ సంగతి దుకాణదారుల పిల్లలకే బాగా తెలుసు. షట్టరు లేచే వేళకు అక్కడుండాలి. ముందు సరుకును తిట్టాలి. తర్వాత ధర చెప్పాలి. ఒప్పుకోకపోతే వెనక్కి తిరిగి నడవాలి. రెండు అడుగులు మామూలుగా, మూడోది నెమ్మదిగా. మూడో అడుగు నేల తాకేలోపు పిలుపు వస్తుంది. ఎంత నెమ్మదిగా వేయాలో మా నాయన నాకు పదో ఏట నేర్పాడు.

ఉదయం ఏడింటికి వెళ్లాను. కత్తి మొద్దుగా ఉందన్నాను, మాంసం వాడిందన్నాను, పక్క వీధిలో ఇంతకంటే తక్కువకు ఇస్తున్నారన్నాను. ఖాజా భాయ్ నా వంక ఓపిగ్గా చూశాడు.

"బోణీ టైముల గిట్ల చెయ్యకుండ్రి సార్."

"బోణీ అనే కదా వచ్చింది భాయ్."

మూడో అడుగు నేల తాకలేదు. కిలోకు ఇరవై రూపాయలు తగ్గింది. పనిలో పనిగా, కీమాలో కలపడానికి నేను తీసుకెళ్లిన క్యారెట్, ఉల్లిగడ్డ కూడా ఆయన కీమా మిషన్‌లోనే ఉచితంగా ఆడించుకుని వచ్చాను. ఆ రోజు చిక్కడపల్లి దాకా నడిచి వస్తుంటే దారి పొడవునా దుకాణాలన్నీ నాకు నమస్కారం పెడుతున్నట్టు తోచింది.

మూడో రోజు సరిత వచ్చింది. ఆమె పరీక్షలకు చదువుకుంటూ పక్క సందులో హాస్టల్లో ఉండే అమ్మాయి, బండికి రోజువారీ గిరాకీ. ఒకటి కొరికి ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవేంది అంకుల్, రబ్బరు లెక్కున్నయి?"

ఐదు పెట్టాను కదా తల్లీ, అన్నాను.

"గట్టియి ఐదెందుకు, మెత్తయి నాలుగే ఇయ్యరాదు."

మర్నాడు ఆమె రాలేదు. హాస్టల్లో మిగతావాళ్లూ తగ్గారు. వారం తిరిగేసరికి మూడు వాయిలు, తర్వాతి వారానికి రెండున్నర. నేను స్టోర్సు పద్ధతిలో విచారణ జరిపాను. మొదటి అనుమానం మైదా మీద. మైదా కొట్టు మార్చాను, అక్కడా బేరమాడాను. రెండో అనుమానం గ్యాసు మంట మీద. మూడోది వానగాలి మీద. నా మీద అనుమానం రాలేదు. కొనుగోలు శాఖ తనను తాను తనిఖీ చేసుకునే పద్ధతి మా ఆసుపత్రిలోనూ లేదు.

లోర్నా మాత్రం తనను తానే అనుమానించింది. ఆవిరి తగ్గించి చూసింది, పెంచి చూసింది, గుడ్డు ఎక్కువ కలిపింది. ఒక సాయంత్రం పాత్ర మూత తీసి, ముడుచుకుపోయిన సియోమాయ్‌లను చూస్తూ, "నా చెయ్యి పోయింది, పెద్దమామ" అంది. పన్నెండేళ్లు హోటళ్లలో వండిన మనిషి. వానాకాలం గాలికి అట్లాగే అవుతుందని ఓదార్చాను.

ఆఖరి వారం మంగళవారం నాడు నేను క్యారెట్లు, ఉల్లిగడ్డలు తీసుకెళ్లడం మరిచిపోయాను. ఉత్త కీమానే తెచ్చాను. లోర్నా పొట్లం విప్పి, చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది.

"ఇది తెల్లగుంది. తొడ కాదు, రొమ్ముది. తోలేది?"

"తోలు ఎవరు కొంటారు బిడ్డా?"

"కొనం. ఖాజా భాయ్ ఉత్తగనే ఏస్తడు. తొడకాడి కొవ్వు గూడ ఏస్తడు. అదుంటెనే మెత్తగయితది."

లోర్నా చెప్పాక విషయం నాకు పూర్తిగా తెలిసింది. దుకాణానికి కోళ్ల బండి వచ్చేది ఎనిమిది దాటాక. ఏడింటికి ఉండేది ముందురోజు మిగిలిన రొమ్ము ముక్కలే. పదింటికి తాజా తొడలు కోసి, కొవ్వు, తోలు చేర్చి ఆయన లోర్నా కోసం పక్కన పెట్టేవాడు. కొవ్వు లేని కీమా ఆవిరిలో ఎండిపోతుంది. క్యారెట్, ఉల్లిగడ్డ అక్కడే ఆడించి తేవడం వల్ల రంగు తేడా ఎవరికీ కనబడలేదు. అంటే నా రెండో విజయం నా మొదటి విజయాన్ని దాచిపెట్టింది. స్టోర్సులో చేరిన ప్రతి గుమాస్తాకు నేను మొదటి రోజు చెప్పే మాట ఒకటుండేది: ధర చూసే ముందు నమూనా చూడు. మూడు వారాలు నేను ధర తప్ప ఏమీ చూడలేదు.

లోర్నా కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "శుక్రారం హోటలోళ్లకు జవాబు చెప్త. వస్తనని" అంది. పాపకు కొత్త బూట్లు ఇప్పుడే కొనిపెట్టాలా, కాలు పెరుగుతుంది కాబట్టి తర్వాత శ్రీకాంత్ కొంటాడా అని నన్నే అడిగింది.

బుధవారం పదింటికి ఖాజా భాయ్ దుకాణంలో నిలబడ్డాను. పాత ధరే ఇస్తానన్నాను. అక్కర్లేదన్నాడు. కిలోకు పది ఎక్కువ ఇస్తానన్నాను.

"మీ రేటు మీరే పెట్టిన్రు గద సార్. అదే ఉండనియ్యి."

ఇరవై ఎక్కువన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. ధర పెంచడానికి బతిమాలుతున్న గిరాకీని చూసి పక్కన గుడ్లు కొనడానికి వచ్చిన ముసలావిడ సంచీ కింద పెట్టి నిలబడింది. ముప్పై రెండేళ్ల అనుభవంలో పైకి వెళ్లే బేరం నేను ఎప్పుడూ చేయలేదు. మూడో అడుగు ఎటు వేయాలో తెలియలేదు.

చివరికి దుబాయి సంగతి, పాప సంగతి చెప్పాను. శుక్రవారం గడువని చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు.

"ఆ బిడ్డ ఒక్కనాడు రేటు అడగలే, నేనొక్కనాడు చెప్పలే. నువ్వు గూడ అడగకుండ నిలబడు. చూస్త."

నిలబడ్డాను. ఆయన నా ముందే నలుగురికి కొట్టి ఇచ్చాడు. నా చూపు బోర్డు మీదికి పోతోందని గమనించి, లేచి బోర్డును గోడవైపు తిప్పాడు. తొడలు తీశాడు, తోలు చేర్చాడు, కొవ్వు చేర్చాడు. తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేశాడు. నాలుక చివరన ఉన్న "ఎంత" అనే మాటను మింగాను. గొంతు దిగడానికి టైం పట్టింది.

"ఎంతని అడగవా?" అన్నాడు.

అడగనన్నాను. ఆయన ఎంతో చెప్పాడు, ఇచ్చాను. ఆ రెండో రోజు లోర్నా ఇచ్చిన ధరే.

బండి దగ్గర లోర్నా కీమా నలిపి చూసి, "ఎంతకిచ్చిండు?" అంది. అడగలేదన్నాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ప్లేటుకు మళ్లీ నాలుగే పెట్టాం. ఆ సాయంత్రం మూడు వాయిలు పోయాయి. గురువారం సరిత బండి ముందు నుంచి తల తిప్పుకుని పోతుంటే లోర్నా పిలిచి ఒకటి చేతిలో పెట్టింది. తిన్న తర్వాత సరిత హాస్టల్‌కు ఫోను చేసింది. ఆ రోజు మూడున్నర.

శుక్రవారం ఆరింటిదాకా వాన. ఏడు తర్వాత జనం వచ్చారు. ఎనిమిదీ ఇరవైకి నాలుగో వాయిలో ఒక్క ప్లేటు మిగిలింది, నాలుగు సియోమాయ్‌లు. నేను తింటానన్నాను. "ఇంటోళ్లు తింటె లెక్కల రాదు" అంది లోర్నా. ఫోను ఆమె చేతిలోనే ఉంది.

అప్పుడు సరిత వచ్చింది. ప్లేటు చూసింది, బండి చూసింది, గొడుగు ముడుచుకుంటున్న నన్ను చూసింది.

"చల్లగైనట్టున్నయి అంకుల్. ఆఖరిది గద, సగానికియ్యి."

అవి పొగలు కక్కుతున్నాయి. నా రక్తంలో ఉన్న దుకాణదారులందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. కుదరదన్నాను. ఆమె వెనక్కి తిరిగి నడిచింది. ఒక అడుగు. రెండు అడుగులు. మూడో అడుగు నెమ్మదిగా వేసింది. మా నాయన చూస్తే మెచ్చుకునేవాడు. లోర్నా నన్నే చూస్తోంది.

"రా తల్లీ, తీసుకో" అన్నాను.

"ఇంకో నిమ్మచెక్క ఏస్తవా?"

వేశాను.

ఆమె తినడం మొదలుపెట్టాక లోర్నా తువ్వాలుకు చేతులు తుడుచుకుని, హోటలు వాళ్లకు రానని రాసి పంపింది. తర్వాత పాత్రలు సర్దుతూ, "రేపటి నుంచి కీమాకు నేనే పోత. నువ్వు ఉల్లిగడ్డలు చూస్కో, పెద్దమామ" అంది. నా బదిలీ ఉత్తర్వు అంతే. అప్పీలు చేసుకోలేదు.

ఈ కొలువులో నాకు తెలిసింది ఇది. బేరమాడి తగ్గించగలిగేది ధర ఒక్కటే. కొసరు వేయాలా వద్దా అన్నది అమ్మేవాడి ఇష్టం, దాన్ని బేరంలో రాబట్టలేం. బోణీ వేళ కాదనలేక ఇచ్చినవాడు తన దగ్గర మిగిలిందే ఇస్తాడు. కొనుగోలు శాఖలో కొత్తగా చేరేవారు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ఉల్లిగడ్డల ధర మాత్రం నేను ఇప్పటికీ అడుగుతాను. కాకపోతే పది దాటాక వెళ్లి అడుగుతాను.