పెండ్లిబండి

ఈమధ్య హిందూపురంలో ఒక పెండ్లి మెరవణి ఎదురైంది. బంతిపూల వాసనతో కలిసి పెట్రోలు వాసన రాగానే నాయన కొన్న కారు గుర్తుకొచ్చింది.

పరిగిలో ఉన్న చేనులో సగం అమ్మి, బెంగళూరులో ఒక దొర వదిలేసి పోయిన టాపు లేని పాత కారును నాయన కొన్నాడు. ఎత్తు ఎక్కాలంటే తోయాల్సిందే. అయినా పెండ్లికొడుకులను ఊరేగించడానికి చుట్టుపక్కల వాళ్లందరూ దాన్నే అడిగేవారు.

ఒకరోజు మా ఊరి పెద్ద రైతు వచ్చాడు. వాళ్ల నాయన చనిపోయాడు. శవాన్ని కూర్చోబెట్టి ఊరేగించాలట.

"ఇది పెండ్లిండ్ల బండి సామీ," అన్నాడు నాయన.

"మా నాయనకు రెండో పెండ్లి అనుకోప్పా. నీ చేనికి నీళ్లు మా బావి నుంచే కదా పారేది?"

నాయన కారు బయటికి తీశాడు. మెరవణిలో నేను ముందు సీట్లో కూర్చున్నాను. పూలు చూసి, పలకల దరువు విని చప్పట్లు కొట్టాను.

"నాయనా, ఈ పెండ్లికొడుకు నిద్రపోతాండాడే!"



కొన్నాళ్లకే, ముందే కారు మాట్లాడుకున్న పెనుకొండ పెండ్లివారు వచ్చి, కారు వద్దన్నారు.

"పీనుగను మోసిన దాంట్లో మా పిల్లోన్ని యెట్ల ఎక్కిస్తామప్పా?"

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పెద్దయ్యాక గ్రంథాలయంలో మోటారు కార్ల పుస్తకాలు దొరికినవన్నీ చదివాను. ఇనుముకు మైల అంటుతుందని వాటిలో ఎక్కడా లేదు.

శవాన్ని మోసిన మరుసటేడు ఆ రైతు ఇంట్లోనే పెండ్లి. వాళ్లయినా పిలుస్తారని నాయన పొద్దున్నే కారు కడిగి పెట్టాడు. వాళ్లు బెంగళూరు నుంచి వేరే కారు తెప్పించారు. అది మా సందులోకి వచ్చినప్పుడు దారి చాలకపోతే, నాయనే మా కారును పక్కకు తోశాడు.