ఆ రొద నా గొంతుది కాదు

నా హెడ్‌ఫోన్లు ఎవరికీ ఇవ్వను. ముందే చెప్తున్నాను. అడిగినవాళ్ళకి కోపం వచ్చినా సరే, పిసినారిదని పేరు పెట్టినా సరే. చీర అడగండి, ఇస్తాను. నా టిఫిన్ డబ్బాలో సగం మీరు అడక్కముందే తీసి పెడతాను. అవి మాత్రం అడగొద్దు.

చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండవు. నల్లవి. రెండు పక్కలా కొబ్బరి చిప్పల్లాంటి గిన్నెలు, నెత్తిమీదికి ఒక పట్టీ, ఎడమవైపు నుంచి పొడుగాటి వైరు. గిన్నెలు వెనక పూర్తిగా మూసి ఉంటాయి. వెనక సందులున్న రకం ఇంకోటి ఉంటుందట, పాటలు వినడానికి అదే హాయి అని అమ్మినాయన చెప్పాడు. నాకు హాయి అక్కర్లేదప్పా, లోపలి శబ్దం లోపలే ఉండాలి అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెప్తాను.

మాది ఎమ్మిగనూరు. పని ఆదోనిలో. రోజూ బస్సు. పత్తి మార్కెట్టు వెనక సందులో ఒక చిన్న షాపు. ముందు గదిలో మైకు సెట్లు, బాకాలు అద్దెకిస్తారు. వెనక గదిలో రికార్డింగు. పరుపుల అమ్మకమని, కంటి పరీక్షలని, విత్తనాలు వచ్చాయని ఆటోలు మైకు పెట్టుకుని వీధులు తిరుగుతాయి కదా, ఆ మాటలు అక్కడ తయారవుతాయి. గది గోడలకి పాత బొంతలు కొట్టి ఉంటాయి. అదే మా స్టూడియో.

నేను చదివింది పదో తరగతి. మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించే పనికని చేరాను. షాపు ఆయన్ని అన్నా అని పిలుస్తాను. ఒకరోజు మైకులో చదివే ఆవిడకి గొంతు పోయింది. ఆటో బయట నిలబడి ఉంది. అన్న నా వైపు చూశాడు.

"పాపా, దినమంతా వాగతానే ఉంటావు గదా. ఆ వాగేదేదో మైకులో వాగు."

వాగాను. ఆ సాయంత్రం పరుపుల ఆటో మా బస్సుకి అడ్డం వచ్చింది. కిటికీలోంచి నా గొంతు నాకే వినిపించింది. పక్కసీటులో ఉన్నామె, "ఎవరో గాని బలే సెప్తాండాది" అంది. నేను ఎమ్మిగనూరు వచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ రోజు నుంచి మైకు ముందున్న ఆ ప్లాస్టిక్ కుర్చీ నాది.

అన్న మంచివాడే. తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం ఆయన నోటికి రాదు. షాపులో ఒక పాత హెడ్‌ఫోను ఉండేది. చెవులకానే మెత్తలు ఊడిపోతే గుడ్డపీలికలు కుక్కి, దారంతో చుట్టాడు. మేం మాట్లాడేటప్పుడు వెనక వాయిద్యం చెవుల్లో మోగుతుంటుంది, ఆ తాళానికి మాట పడాలి. మాట మాత్రమే రికార్డు కావాలి, వాయిద్యం తర్వాత కలుపుతారు. నా రికార్డింగుల్లో మాట వెంబడే సన్నగా ఒక రొద వచ్చేది. అన్న తల పట్టుకునేవాడు.

"నీ గొంతులోనే ఏదో ఉండాది పాపా. రొద సేస్తాంది. మిరియాలు తిను."

తిన్నాను. వేన్నీళ్ళు తాగాను. పెరుగు మానేశాను. పెరుగు లేకుండా నాకు ముద్ద దిగదు, అయినా మానేశాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నోరు తెరిచి గొంతులోకి టార్చి వేసుకుని చూసుకున్నాను. ఏముంటుంది, కొండనాలుక. ఇన్నేళ్ళు అందరితో గడగడా మాట్లాడినదాన్ని, ఆ నెలల్లో బస్సులో టికెట్ అడగడానికి కూడా గొంతు తగ్గించాను. నా గొంతులో రొద ఉంది కదా అని.

తర్వాత ఒకరోజు చెమటకి హెడ్‌ఫోను జారిపోతుంటే రెండు అరచేతులతో అదిమి పట్టుకుని చదివాను. రికార్డు వింటే రొద లేదు! చేతులు తీసి చదివాను, ఉంది. అదిమి చదివాను, లేదు. నాలుగుసార్లు చేశాను. గుడ్డపీలికల సందుల్లోంచి వాయిద్యం కారి మైకులోకి పోతోంది. అంతే. ఇది నా గొంతు కాదు, నీ హెడ్‌ఫోను అని అన్నకి చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది దుడ్డు పెట్టి కొన్న సామాను పాపా. దీనికేం కాదు."

ఆ నెల జీతంలోంచి నా హెడ్‌ఫోన్లు నేనే కొనుక్కున్నాను. మిరియాల డబ్బా తీసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టాను.

కొన్నాక తెలిసిన సంగతులు కూడా చెప్పాలి. అన్నీ మంచివే అంటే అబద్ధం. మొదటిది, కమ్మలు పెట్టుకుని వాటిని తగిలించుకుంటే ప్రాణం పోతుంది. గిన్నె కమ్మని నొక్కి, కమ్మ తొడిమ చెవి వెనక చర్మంలో దిగుతుంది. ఇవి చేసినవాళ్ళకి ఆడవాళ్ళ చెవులు ఎలా ఉంటాయో తెలిసినట్టు లేదు. పని మొదలుపెట్టేముందు కమ్మలు తీసి టిఫిన్ డబ్బా మూతలో వేసుకుంటాను. రెండోది, కొప్పు పెడితే పట్టీ నిలవదు, జడే వేసుకోవాలి. మూడోది ఎండాకాలం. ఫ్యాను శబ్దం మైకులో పడుతుందని ఫ్యాను ఆపేస్తాం. చెవులు రెండూ ఉడికిన వేరుశనక్కాయల్లా అవుతాయి. మా అమ్మ మగ్గం మీద మిగిలిన నూలుగుడ్డతో రెండు తొడుగులు కుట్టి ఇచ్చింది. ఉతికి ఆరేసుకుని మళ్ళీ తొడుగుతాను.

ఒక ఆదివారం అమ్మ చెవులకి పెట్టి చూశాను. అమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గంలోనే కూర్చుంది. అప్పుడు పక్కింట్లో కూడా మగ్గం ఆడుతోంది. పెట్టగానే అమ్మ ముఖం మారిపోయింది. పాట మొదలుపెట్టకముందే లాగేసింది.

"తీయే తల్లీ, మగ్గాలన్నీ నిలిసిపోయినట్టుండాది. భయమైతాంది."

"అది మంచిదేనే అమ్మా, బయటి శబ్దం రానీదు."

"బయట శబ్దం లేకపోతే పనెట్ల జరుగుతాందో ఎట్ల తెలుస్తాది? నువ్వే పెట్టుకో."

ఆ మాట నేను మర్చిపోలేదు. నేను మాట్లాడే పద్ధతి కూడా అమ్మ మగ్గం దగ్గరే నేర్చుకున్నాను. చిన్నప్పుడు వీధిలో ప్రచారం ఆటో వస్తే అమ్మకి ముక్కలే వినిపించేవి. పోగు పట్టుకుని నాడె అటు ఒకసారి, ఇటు ఒకసారి, మధ్యలో ఆ పోగుని బిగించే పలక దడేలుమని. రెండు దెబ్బల మధ్య ఎంత మాట దూరితే అంతే. "ఏమంటాండారే, పోయి ఇనిరా పో" అని నన్ను వీధిలోకి తరిమేది. నేను పరుగెత్తేసరికి ఆటో మలుపు తిరిగేది. అందుకే మైకు ముందు కూర్చుంటే నేను అమ్మకి చెప్తున్నట్టే చెప్తాను. పొట్టి పొట్టిగా. పిలుపు, అంగడి పేరు, ఎక్కడ, ఎప్పుడు, మళ్ళీ పేరు. ఒక గడప దాటేలోపు అయిపోవాలి.

ఇక అసలు గొడవకి వస్తాను. ఆదోనిలో కొత్తగా పెద్ద బట్టల షాపు తెరుస్తున్నారు. ఊరు ఊరంతా, ఆలూరు దాకా పల్లెలన్నీ ఆటోలు తిప్పాలి. మా షాపుకి అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. ఆ షాపు మేనేజరు కోస్తావైపు మనిషి, ఇస్త్రీ చొక్కా. వాళ్ళ షాపు గురించి నేను నా పద్ధతిలో చెప్పి పెట్టిన రికార్డు విన్నాడు.

"అమ్మాయ్, గొంతు బాగుంది. ఈ యాస మాత్రం వద్దు. మాది పెద్ద షోరూమ్. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువు."

కాగితంలో ఇలా ఉంది: ఆదోని పట్టణ మరియు పరిసర గ్రామముల ప్రజలందరికీ సవినయముగా తెలియజేయునది ఏమనగా. అక్కడి నుంచి మొదలై ఐదు వరసలు ఆగకుండా పోయి, చివర్లో ఎక్కడో ప్రారంభమగుచున్నది అని ఆగింది.

"ఇది ఆటోలో పనికి రాదు సార్" అన్నాను.

"నీకు చదవడం కష్టమైతే చెప్పు. డిగ్రీ చదివిన అమ్మాయి ఒకామె ఉంది, ఆమె చేత చదివిస్తాం."

కష్టమా! అక్కడికక్కడే గుక్క తిప్పుకోకుండా మైకులో చదివి రికార్డు చేశాను. ఆయన నన్ను అడక్కుండానే నా హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకుని విన్నాడు. "ఇదీ, ఇలా ఉండాలి" అన్నాడు. "ఇలా అయితే నేను చెప్పను" అన్నాను. ఆయన ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

అన్న నా మీద పడ్డాడు. "నీకేమన్నా తిక్కనా పాపా? వాళ్ళు సెప్పమన్నట్ల సెప్తే నీ నోరేమన్నా అరుగుతాదా? రేపు ఆ డిగ్రీ పాప వస్తాది. నీ హెడ్‌ఫోన్లు ఈడ పెట్టి పో. మన పాతవి రొద సేస్తాయి."

నేను చెప్పుల్లో కాలు పెడుతున్నదాన్ని ఆగిపోయాను.

"ఏమన్నావన్నా? ఇంకొకసారి అను."

"ఏమనలేదు."

"పాతవి రొద సేస్తాయన్నావు."

"ఏం లేదు పో, బస్సు పోతాది."

హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకున్నాను. కుర్చీ అయితే షాపుది, ఇవి నావి. బస్సెక్కి కూర్చున్నాను. రేపటి నుంచి మళ్ళీ కార్డుల్లో పాటలు ఎక్కించుకోవడమేనా? నా గొంతు వేరే మనిషి మాటలు మాట్లాడితేనే నాకా కుర్చీ అంటే, ఆ కుర్చీలో కూర్చునేది నేనెట్లా అవుతాను? అట్లా అనుకుంటూనే ఏడుపొచ్చింది. పక్కనున్నామె చూడకుండా హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకున్నాను. వైరు దేనికీ తగిలించలేదు. ఉత్తవే. బస్సు శబ్దం తగ్గింది. అప్పుడు అమ్మ మాట గుర్తుకొచ్చింది. బయట శబ్దం లేకపోతే పనెట్ల జరుగుతాందో ఎట్ల తెలుస్తాది?

మర్నాడు మేనేజరు వచ్చేసరికి నేను ఆటోలో రెండు రికార్డులూ ఎక్కించి సిద్ధంగా ఉన్నాను. కాగితం ఒకటి, నాది ఒకటి. ఆ డిగ్రీ అమ్మాయి ఇంకా రాలేదు.

"సార్, నిన్న మీరు హెడ్‌ఫోన్లలో విన్నారు. దాంట్లో ఎవరు మాట్లాడినా బాగానే ఉంటది. వెనక మూసి ఉంటది కదా, సందు ఉండదు, లారీ ఉండదు, పిల్లల ఏడుపుండదు. మీ బట్టలు కొనేటోళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకోని గడపలో కూసోరు. ఒక్కసారి బయట వినండి."

అన్న నన్ను గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. మేనేజరు గడియారం చూసుకుని, సరే రెండు నిమిషాలు అన్నాడు. మా సందులో ఒక అవ్వ గడపలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆమె పక్కన ఆయన్ని నిలబెట్టాను. ఆటో మొదట కాగితంతో వచ్చింది. మా ముందుకొచ్చేసరికి "ప్రజలందరికీ సవినయముగా తెలియజేయునది ఏమనగా" అంటోంది. దాటిపోయేసరికి "అత్యాధునిక" అంటోంది. అంతే. ఏది తెరుస్తారో, ఎప్పుడు తెరుస్తారో పక్క సందుకి వెళ్ళిపోయింది.

అవ్వ చేట పక్కన పెట్టి నెత్తిమీద కొంగు కప్పుకుంది.

"ఎవురప్పా పోయినారు?" అని మేనేజర్ని అడిగింది.

ఆయనకి అర్థం కాలేదు. "ఎక్కడికి పోయారు?"

"సచ్చిపోయింది ఎవురని అడుగుతాండా. పెద్దమనిసేనా?"

మా ఊళ్ళో అలా మెల్లగా, అంత మర్యాదగా మైకులో మాట్లాడేది మనిషి పోయినప్పుడే. ఎవరు పోయారు, ఎన్నింటికి తీసుకెళ్తారు అని చెప్పే ఆటో అలాగే వస్తుంది. ఆ సంగతి నేను కూడా అప్పటిదాకా ఆలోచించలేదు, నిజం. అన్న తల తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదు.

రెండోసారి ఆటో నాదానితో వచ్చింది. "అక్కా! కొత్త బట్టల అంగడి! మన ఆదోనిలోనే! సుక్కురారం తెరుస్తారు! పాత బస్టాండు కాడ! వదినని పిల్సుకోని రా అక్కా! కొత్త బట్టల అంగడి!"

అవ్వ మళ్ళీ చేట అందుకుంది. "సుక్కురారం పొద్దున్నా, మాపటికా?" అంది.

మేనేజరు, కాగితం పైనుంచి వచ్చిందని, అడిగి చెప్తానని వెళ్ళిపోయాడు. బాగుందని అనలేదు. మధ్యాహ్నం అన్నకి ఫోను వచ్చింది. ఆటోలకి నాది. షాపు ముందు ఒకేచోట పెట్టే స్పీకరుకి కాగితం, అది ఆ డిగ్రీ అమ్మాయి చదువుతుంది. అది సరే. నిలబడిన స్పీకరుకి ఎంత పొడుగు మాటైనా పర్వాలేదు.

అన్న వెనక గదిలో కుర్చీ తుడిచాడు. ఆ కుర్చీ తుడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"రా పాపా, కూసో. ఆలూరుదాన్కి, పల్లెలదాన్కి వేరేవేరే సెయ్యాల."

నేను కూర్చోలేదు. సంచి భుజానే ఉంది.

"ముందు ఆ రొద ఎవరిదో సెప్పు."

"యాటి రొద?"

"నాతో మిరియాలు తినిపించిన రొద. నా గొంతుదా, నీ హెడ్‌ఫోనుదా?"

"అబ్బ, ఎప్పటిదో ఇప్పుడెందుకే? జల్దీ కూసో, ఆటో నిలబడుండాది."

"నిలబడనీ. నేనూ నిలబడుండా."

ఆయన బొంతల వైపు చూశాడు, పైన ఫ్యాను చూశాడు. నేను కమ్మలు తీసి డబ్బా మూతలో వేశాను. హెడ్‌ఫోన్లు తీసి, అమ్మ కుట్టిన తొడుగులు సరిచేసి, వైరు తగిలించి, చెవులకి పెట్టుకున్నాను. రికార్డు బటన్ నొక్కి, మైకు ఆయన వైపు తిప్పాను. బయట లారీ పోతున్నట్టుంది, నాకు వినపడలేదు. ఆయన పెదాలు కదిలాయి.

"గట్టిగా అన్నా. మైకులో పడల్యా."

"హెడ్‌ఫోనుదే పాపా" అన్నాడు. "నీ గొంతు బాగానే ఉండాది."

ఎంత శుభ్రంగా వినిపించిందో చెప్పలేను. ఒక్క రొద లేదు. అది ఇప్పటికీ నా కార్డులో ఉంది. హెడ్‌ఫోన్లు అడిగినవాళ్ళకి అదైతే వినిపిస్తాను. హెడ్‌ఫోన్లు ఇవ్వను.