స్నానాలక్క, హెడ్మాస్టరుగారి కుక్క

స్నానాలక్క పదేళ్లు బ్యూటీ పార్లరులో ఆడవాళ్ల తలలు కడిగింది. వాళ్ల గొప్పలు వినీ వినీ విసుగెత్తి, పశువుల ఆసుపత్రి పక్క గదిలో కుక్కలకు స్నానాలు చేయించే పని పెట్టుకుంది. కుక్క కరిస్తే కరుస్తుంది గానీ కోతలు కోయదని ఆమె ధైర్యం. ప్రతి కుక్క వెనకా గొలుసు పట్టుకుని ఒక మనిషి వస్తాడన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆ మనుషుల్లో మహాఘనుడు రిటైరైన హెడ్మాస్టరు. ఒకరోజు తన గోధుమరంగు కుక్కను లాక్కొచ్చాడు. దాని పొట్ట ఎర్రగా కమిలిపోయింది. వీపు మీద వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోయాయి.

“ఏం పెట్టి కడుగుతున్నారు మాస్టారూ?”

“రోజూ పొద్దున్నే వేణ్ణీళ్లు, బట్టల సబ్బు. క్రిములు చావద్దూ? నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు చెప్పకు.”

“క్రిముల మాటేమో గానీ ముందు కుక్క చచ్చేలా ఉంది. సరే, అదే సబ్బు మీ గడ్డానికి రాసుకుని కాసేపు కూర్చోండి.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కదా, రాసుకున్నాడు. అప్పుడే గీసుకొచ్చిన గడ్డం. కాసేపటికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మంటేం లేదు,” అన్నాడు, గోక్కుంటూనే.

“దానికి చెప్పే నోరు లేదు. మీకుండీ చెప్పరు. వెళ్లి కడుక్కోండి. పుండు మీద నేను నీళ్లు పోయను, ముందు డాక్టరుకు చూపించండి.”

మందులు వాడి, పుళ్లు మానాక మళ్లీ వచ్చాడు. ఆమె నీళ్లలో మోచెయ్యి ముంచి గోరువెచ్చగా ఉన్నాయని చూసుకుంది. కుక్క మొహాన్ని తడిగుడ్డతో తుడిచి, మెడ నుంచి కిందికి నీళ్లు పోసి, కుక్కల షాంపూ రాసింది. చివరి నురుగు పోయేదాకా కడిగింది. కాలివేళ్ల మధ్య కూడా తువ్వాలుతో అద్దింది.

“ఇలా నెలకోసారి చాలు. రోజూ రుద్దితే చర్మంలో నూనె ఏం మిగులుతుంది?”

హెడ్మాస్టరు జేబులోంచి కాగితం తీసి ‘నెలకోసారి’ అని రాసుకున్నాడు. ఒకరు చెప్పింది రాసుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు కాబోలు.

రెండు నెలలకు కుక్క ఒళ్లంతా నిగనిగలాడింది. ఆయన పార్కులో నలుగురిని పోగేసి, “గోరువెచ్చని నీళ్లు, నెలకోసారి! ఇది నా సొంత పరిశోధన,” అంటున్నాడు. అటుగా వచ్చిన స్నానాలక్కను చూసి ఒక్కసారి దగ్గాడు, మళ్లీ అందుకున్నాడు.

ఆమె వంగి కుక్క గడ్డం నిమిరింది. “ఏరా, నువ్వైనా నిజం చెప్పవేం?”

కుక్క ఆమె చెయ్యి నాకింది. హెడ్మాస్టరు వైపు చూడను కూడా చూడకుండా ఆమె వెళ్లిపోయింది.